పొరపాటుకీ తప్పుకీ మధ్య నాలుగు రోజులు

కిందటి నెల పాతపట్నంలో దగ్గర బంధువుల ఇంట పెళ్ళికి వెళ్ళాను. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉండే మాకు పాతపట్నం వేరే రాష్ట్రమన్న మాటే గాని, పిలుపులకీ పేరంటాలకీ పక్క వీధి లాంటిది. భోజనాలయ్యాక పందిట్లో కూర్చున్నవాళ్ళ మధ్య మాట పాకిస్తాన్ జైలులో ఉండి వచ్చిన మన జాలరుల మీదికి మళ్ళింది. శ్రీకాకుళం తీరంలో కాపురముండే మా మేనత్త కొడుకు సాధారణంగా తక్కువ మాట్లాడే మనిషి. ఆ రోజు మాత్రం గట్టిగానే అన్నాడు: "మనవాళ్ళు మెత్తగా అడిగారు బావా, అందుకే అన్ని నెలలు పట్టింది. బల్ల గుద్ది అడిగుంటే నెల తిరక్కుండా ఇంటికొచ్చేవారు."

అతను చెబుతున్నది 2018 నవంబరు చివర గుజరాత్ తీరంలో పాకిస్తాన్ సముద్ర భద్రతా సిబ్బందికి చిక్కిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలరుల గురించి. వేరావల్ బోట్ల మీద కూలికి వెళ్ళినవాళ్ళు అనుకోకుండా అవతలి జలాల్లోకి వెళ్ళారన్న నేరానికి కరాచీ జైలులో ఏడాదికి పైగా గడిపారు. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా గేటు దాటి వచ్చారు. పందిట్లో ఉన్న నలుగురైదుగురూ మా బావ మాటకే తల ఊపారు. నాకు ఆ మాట సరికాదనిపించింది, కాని ఎందుకు సరికాదో అప్పటికప్పుడు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చాక ఆలోచిస్తూ పోతే, అతని మాటలో సగం నిజం ఉందని కూడా తోచింది. ఆ సగమేదో, మిగతా సగమేదో తేల్చుకోవడానికే ఇది రాస్తున్నాను.

ఆకుమడిలో పడిన ఎద్దు

నాకు పదిహేనేళ్ళప్పుడు, మా ఊరి పొలిమేరలో ఒక గొడవ జరిగింది. ఆషాఢమాసం, దమ్ములు పట్టే రోజులు. సరిహద్దుకు అవతల, ఆంధ్ర వైపు ఊరి రైతు ఎద్దు ఒకటి పలుపు తెంపుకుని ఇవతల ఒడియా రైతు ఆకుమడిలో పడి మేసింది. కాపలా ఉన్న కుర్రవాడు దాన్ని తోలుకుపోయి బందెలదొడ్డిలో కట్టించాడు. ఎద్దు కోసం వచ్చినవాళ్ళలో ఒకరు మాటామాటా పెరిగి ఆ కుర్రవాడి మీద చెయ్యి చేసుకున్నారు. అంతే, మేసిన నారు సంగతి వెనకపడిపోయింది. కొట్టినందుకు దోషం ఒప్పుకుంటే గాని ఎద్దును విడవమని ఇటువాళ్ళు, కట్టేసినందుకు ముందు మీరే ఒప్పుకోవాలని అటువాళ్ళు పట్టుబట్టారు.

మా నాన్నగారు దస్తావేజులు రాసేవారు. రెండు భాషలూ చదవడం రాయడం వచ్చినవారు కనుక ఇలాంటివాటికి ఆయనను పిలిచేవారు. సైకిలు వెనక కూర్చుని నేనూ వెళ్ళాను. నాలుగో రోజు సాయంత్రం చింతచెట్టు కింద కూర్చున్నప్పుడు, ఎద్దు యజమాని అన్నగారు తల దించుకుని, "ఏదో పొరపాటు అయిపోనాది" అన్నారు. తప్పు చేశామన్న మాట ఆయన నోట రాలేదు, రాకూడదనే ఆయన జాగ్రత్తపడ్డారు. నాన్నగారు ఇటు తిరిగి, "భుల్ హెయిగలా, మనరే ధరంతు నాహి" అన్నారు. జరిగిపోయింది, మనసులో పెట్టుకోకండి అని. ఇటువైపు పెద్దాయన కాసేపు ఊరుకుని, ఆ కుర్రవాడి భుజం మీద చెయ్యి వేసి, ఎద్దును విప్పమన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు నేను అడిగాను. వాళ్ళు తప్పు ఒప్పుకోలేదు గదా, మీరు ఒడియాలో ఒప్పుకున్నట్టే చెప్పారు గదా అని. నాన్నగారు సైకిలు ఆపకుండానే, "భుల్ అంటే పొరపాటూ అవుతుంది, తప్పూ అవుతుంది. నేను లేని మాట ఏదీ చేర్చలేదు" అన్నారు. ఆ జవాబు నన్ను చాలా ఏళ్ళు ఇబ్బంది పెట్టింది. ఒకరు ఇవ్వని దాన్ని మరొకరికి ఇచ్చినట్టు వినిపించడం మోసం కాదా అన్న ప్రశ్న నన్ను వదిలిపెట్టలేదు.

రెండు వైపులా చదువుకోగల ఉత్తరం

ఆ ఇబ్బంది కొంత తగ్గింది 2001 నాటి హైనాన్ వ్యవహారం గురించి వివరంగా చదివాక. ఆ సంవత్సరం ఏప్రిల్ 1న అమెరికా నిఘా విమానం, చైనా యుద్ధవిమానం దక్షిణ చైనా సముద్రం మీద ఢీకొన్నాయి. చైనా పైలట్ చనిపోయాడు, దెబ్బతిన్న అమెరికా విమానం అనుమతి లేకుండానే హైనాన్ ద్వీపంలో దిగింది, అందులోని 24 మందిని చైనా నిర్బంధించింది. ఒక ప్రాణం పోయింది కనుక దాన్ని చిన్న సంఘటన అనడానికి నాకు నోరు రాదు. అయితే రెండు అణ్వస్త్ర దేశాల మధ్య అది ఎంత పెద్దది కాగలిగేదో తలచుకుంటే, పదకొండు రోజుల్లో తీరిపోవడం చిన్న విషయం కాదు.

తీరింది ఒక ఉత్తరంతో. పైలట్ మరణానికి చాలా విచారిస్తున్నామనీ, మాటమాత్రంగానైనా అనుమతి లేకుండా గగనతలంలోకి వచ్చి దిగినందుకు చాలా విచారిస్తున్నామనీ అమెరికా రాయబారి చైనా విదేశాంగ మంత్రికి రాశారు. అది క్షమాపణ కాదని, తాము ఏ తప్పూ చేయలేదని అమెరికా తన ప్రజలకు చెప్పింది. చైనా పత్రికలు దాన్ని తమ భాషలో గాఢమైన క్షమాపణగానే ప్రచురించాయి. రెండు ప్రభుత్వాలకూ అవతలివారు ఏమి చెబుతున్నారో తెలుసు, ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు. సిబ్బంది ఇంటికి వెళ్ళారు. విమానాన్ని మాత్రం చైనా ఎగరనివ్వలేదు, దాన్ని విడదీసి, ముక్కలుగా మరో విమానంలో వేసుకుని జులైలో తీసుకువెళ్ళవలసి వచ్చింది. మనుషులను ముందు వదిలి, ఇనుమును తరవాతకు ఉంచుకున్నారు. ఆ వరుసే సరైనదని నా నమ్మకం.

ఇది చింతచెట్టు కింద జరిగినదే. భాషల మధ్య ఉన్న సందును అబద్ధానికి గాక, ఇద్దరూ పరువుతో వెనక్కి తగ్గడానికి వాడుకోవడం. అబద్ధం అయ్యేది ఎప్పుడంటే, ఏమి జరిగిందన్న దాని మీదే మాట మార్చినప్పుడు. ఎద్దు నారు మేయలేదని గాని, కుర్రవాడి మీద ఎవరూ చెయ్యి చేసుకోలేదని గాని నాన్నగారు చెప్పలేదు. జరిగినది జరిగినట్టే ఉంది, దానికి పెట్టిన పేరు మాత్రమే రెండు చెవులకు రెండు రకాలుగా వినిపించింది. సంఘటన స్పష్టంగాను, పశ్చాత్తాపం కొంత మసకగాను ఉండవచ్చు. అది తారుమారైతే, అంటే క్షమాపణ ఘనంగా చెప్పి జరిగినదేమిటో దాచిపెడితే, అవతలివాడు మళ్ళీ నమ్మడు.

మన దేశం విషయంలోనే దీనికి ఒక ఉదాహరణ ఉంది. 2022 మార్చి 9న మన వైపు నుంచి పొరపాటున ఒక క్షిపణి ఎగిరి, పాకిస్తాన్ పంజాబ్‌లోని మియాఁ చన్నూ దగ్గర పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాడు పాకిస్తాన్ సైన్యం విలేకరులకు చెప్పింది. 11న మన రక్షణ శాఖ ప్రకటన ఇచ్చింది: నిర్వహణ పనులు చేస్తుండగా సాంకేతిక లోపం వల్ల జరిగింది, ఇది ఎంతో విచారకరం, ప్రాణనష్టం లేకపోవడం ఊరట అని. క్షమాపణ అన్న మాట అందులో లేదు. 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ పార్లమెంటులో మాట్లాడారు, ఆగస్టులో ముగ్గురు వైమానిక దళ అధికారులను ఉద్యోగం నుంచి తొలగించారు. సంయుక్త విచారణ కావాలని పాకిస్తాన్ అడిగింది, మనం ఒప్పుకోలేదు. అంతటితో ఆ వ్యవహారం సద్దుమణిగింది.

ఇందులో మెచ్చుకోవలసినవి రెండు: ఒప్పుకోవడం, ఒప్పుకున్నాక ఇంట్లోవారి మీద చర్య తీసుకోవడం. మెచ్చుకోలేనిది ఆ రెండు రోజుల ఆలస్యం. వెంటనే తమకు కబురు చెయ్యలేదని పాకిస్తాన్ అన్న మాటను శత్రువు మాట అని కొట్టిపారెయ్యలేం. రెండు సైన్యాల ఆపరేషన్స్ అధిపతుల మధ్య 1971 నుంచి హాట్‌లైన్ ఉంది. బాలిస్టిక్ క్షిపణి పరీక్షలకు ముందు ఒకరికొకరు చెప్పుకోవాలని 2005లో ఒప్పందం చేసుకున్నారు, కాని ఆ ఒప్పందం మన వైపు నుంచి ఎగిరినలాంటి క్రూయిజ్ క్షిపణులకు వర్తించదు. పొరపాటు మాత్రం ఏ ఒప్పందం లేని చోటే వచ్చి పడింది. ఆ సాయంత్రం ఆకాశంలో వస్తున్నది ఏమిటో తెలియని ఒక రాడార్ గదిలో ఎవరో ఒక అధికారి ఎదురుదాడికి తొందరపడలేదు. అతనెవరో మనకు తెలియదు, రెండు దేశాల వాళ్ళమూ అతనికి రుణపడి ఉన్నాం.

పంది కోసం యుద్ధం

ఎద్దు కథ చెప్పినప్పుడల్లా నా విద్యార్థులకు పంది కథ కూడా చెబుతాను. 1859 జూన్‌లో, ఇప్పటి అమెరికా, కెనడాల పడమటి కొసన ఉన్న సాన్ హువాన్ ద్వీపంలో, బ్రిటిష్ కంపెనీవారి పంది ఒకటి అమెరికన్ రైతు బంగాళాదుంపల మడిలో పడింది, అతను దాన్ని కాల్చి చంపాడు. 1846 ఒప్పందంలో సరిహద్దు జలమార్గం మధ్యగా పోతుందని రాశారు గాని, ఆ ద్వీపానికి అటూ ఇటూ రెండు జలమార్గాలు ఉన్నాయి. పరిహారం దగ్గర మాట తెగక అమెరికా సైనికులు దిగారు, బ్రిటిష్ యుద్ధనౌకలు వచ్చి ఎదురుగా లంగరు వేశాయి. సైన్యాన్ని ద్వీపంలో దింపమని బ్రిటిష్ గవర్నర్ ఆజ్ఞాపించినా, ఆ నౌకల అధిపతి అడ్మిరల్ బేన్స్ ఒక పంది కోసం రెండు పెద్ద దేశాలను యుద్ధంలోకి దింపనని నిరాకరించాడు. తరవాత రెండు వైపులా కొద్దిమంది సైనికులు మాత్రం ద్వీపానికి చెరో కొసన ఉండేట్టు ఒప్పుకుని, 12 ఏళ్ళు అలాగే గడిపారు. చివరికి 1872లో జర్మనీ చక్రవర్తి మధ్యవర్తిగా తీర్పు చెప్పి ద్వీపాన్ని అమెరికాకు ఇచ్చాడు. చనిపోయింది పంది ఒక్కటే.

పిల్లలు ఈ కథ విని నవ్వుతారు. నేను వాళ్ళను ఆపి, ఆ 12 ఏళ్ళ గురించి అడుగుతాను. తగాదా తేలకపోయినా బతుకు సాగనివ్వడం ఒక ఏర్పాటు. మనకు దగ్గరలోనే, కోరాపుట్ జిల్లా పొట్టంగికీ సాలూరుకీ మధ్య, ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండూ తమవే అనే కొటియా గ్రామాలు ఉన్నాయి. అవి రెండు దేశాల మధ్యవి కావు గనుక ఎక్కువ పోల్చను. కాని 1968లో సుప్రీంకోర్టు చెప్పిన యథాతథ స్థితిలోనే ఆ కొండ ఊళ్ళు ఇన్ని దశాబ్దాలుగా ఉన్నాయి, చాలా ఇళ్ళలో రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. 2021 ఫిబ్రవరిలో అక్కడ ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికలు జరపడంతో ఒడిశా ధిక్కార పిటిషన్ వేసినప్పుడు, మా ఊరి టీ దుకాణంలో రెండు భాషల వాళ్ళూ నాలుగు రోజులు ఎడమొగం పెడమొగంగా కూర్చున్నారు. కొండ మీద ఉన్నవాళ్ళు మాత్రం రెండు వైపుల సంతలకూ వెళ్ళడం మానలేదు.

ఇంతవరకూ నా వాదం ఒకటే దారిలో నడిచింది: చిన్న సంఘటనను చిన్నదిగానే ఉంచాలి, మెత్తగా మాట్లాడాలి, ఇద్దరికీ వెనక్కి నడిచే దారి వదలాలి. 2013 డిసెంబరులో న్యూయార్క్‌లో మన దౌత్యాధికారిని అరెస్టు చేసి తనిఖీ చేసినప్పుడు, ఢిల్లీలో అమెరికా రాయబార కార్యాలయం ముందున్న అడ్డుగోడలు తొలగించి మనం కోపం చూపించాం. ఆ కోపానికి కారణం ఉంది, కాదనను. కాని నెల రోజుల్లో ఆ గొడవ తీరింది అడ్డుగోడల వల్ల కాదు, ఆమెకు పూర్తి దౌత్య రక్షణ ఉన్న హోదా ఇచ్చి దేశం విడిచి వెళ్ళనివ్వడం వల్ల. ఆ నెలంతా రెండు దేశాల పరువు గురించి ఎంతో మాట్లాడుకున్నాం. అసలు ఫిర్యాదు ఒక ఇంటి పనిమనిషి జీతం గురించినదన్న సంగతిని చాలామందిమి మరిచేపోయాం.

అక్కడే మా బావ మాటలోని సగం నిజం నాకు ఎదురైంది.

ఆ నాలుగు రోజులు ఎవరివి

ఎద్దు బందెలదొడ్డిలో ఉన్న నాలుగు రోజులూ ఏమి జరిగిందో నేను ఇంతకుముందు రాయలేదు. కాడికి ఒక ఎద్దు లేక ఆ రైతు దమ్ము ఆగిపోయింది. మడిలో పెట్టిన నీరు ఇంకిపోయింది. ఎద్దును విప్పినప్పుడు చూశాను, దాని డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి, మెడ మీద పలుపు ఒరుసుకున్న చోట వెంట్రుక లేచిపోయి, అరచేయంత మేర చర్మం ఎర్రగా కనిపించింది. ఆ రైతు దాని మెడ తడుముతూ ఎవరి ముఖమూ చూడలేదు. పెద్దలందరూ మాటలు సరిచూసుకుంటున్న ఆ నాలుగు రోజుల ఖరీదు ఆయన ఒక్కడే కట్టాడు.

దౌత్యంలో ఓర్పు గొప్పదని మనం అంటాం. ఆ ఓర్పు ఎవరి ఖాతాలోది? గుజరాత్‌కీ పాకిస్తాన్‌కీ మధ్య ఉన్న సర్ క్రీక్ వాగు దగ్గర సరిహద్దు తేలకపోవడం వల్ల, అక్కడి నుంచి సముద్రంలోకి పోయే గీత కూడా తేలలేదు. లేని గీతను దాటినందుకు జాలరులు పట్టుబడతారు. మనవాళ్ళు వాళ్ళను పడతారు, వాళ్ళు మనవాళ్ళను పడతారు. ఇందులో ఎవరి పరువూ పోదు, ఏ పత్రికలోనూ మొదటి పేజీకి రాదు, అందుకే తొందర ఎవరికీ ఉండదు. చిన్న సంఘటనను చిన్నదిగా ఉంచడంలో ఉన్న ప్రమాదం ఇదే. అది అందరి కళ్ళ ముందునుంచీ జారిపోయేంత చిన్నదైపోతుంది.

అయితే దీనికి మందు బల్ల గుద్దడం అని నేను అనుకోను. 2018 నవంబరులో పట్టుబడినవాళ్ళు జైలులో ఉండగానే 2019 ఫిబ్రవరిలో పుల్వామా, బాలాకోట్ జరిగాయి. ఆగస్టులో పాకిస్తాన్ మన హైకమిషనర్‌ను పంపివేసింది. ఆ ఏడాది బల్ల గుద్దినవాళ్ళకు కొదవ లేదు. ఆ చప్పుడు మధ్యలో కూడా 2020 జనవరి 1న రెండు దేశాలూ ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకున్నాయి, అయిదు రోజులకు మనవాళ్ళు వాఘా దాటారు. ఆ జాబితాల ఆనవాయితీ ఎవరి కోపం మీదా ఆధారపడినది కాదు. 2008 మే నెలలో చేసుకున్న ఒప్పందం ప్రకారం ప్రతి ఏటా జనవరి 1న, జులై 1న జాబితాలు మారాలి. అరెస్టయిన మూడు నెలల్లో దౌత్యాధికారులు ఖైదీని కలవనివ్వాలి. శిక్ష పూర్తయి, జాతీయత నిర్ధారణ అయిన నెలలోపు ఇంటికి పంపాలి. 2025 మేలో రెండు సైన్యాలు తలపడిన తరవాత కూడా, ఆ జులై 1న జాబితాలు మారాయి. పాకిస్తాన్ ఇచ్చిన జాబితాలో 193 మంది జాలరులు ఉన్నారు.

ఆ ఒప్పందంలో నాకు అన్నిటికన్నా విలువైనవిగా కనిపించినవి తేదీలే. మంచి మాటలు చాలా ఒప్పందాల్లో ఉంటాయి, తేదీలు కొన్నిటిలోనే ఉంటాయి. నెమ్మదిగా, చప్పుడు లేకుండా తీర్చుకోవడం మంచి పద్ధతే గాని, ఆ నెమ్మదికి ఒక గడువు రాసి ఉండాలన్నది నా వాదం. గడువు ఉన్నప్పుడు అధికారి మెత్తగా మాట్లాడినా అతని మాట వెనక తేదీ నిలబడి ఉంటుంది. తేదీ లేనప్పుడు ఎంత గట్టిగా మాట్లాడినా అది ఆ రోజు వార్తలతో సరి. ఉన్న గడువులు కూడా అమలు కావడం లేదని నాకు తెలుసు. శిక్ష పూర్తయినా లోపలే ఉన్న జాలరులను విడవమని మన విదేశాంగ శాఖ జాబితా మార్చుకున్న ప్రతిసారీ అడుగుతూనే ఉంది. రెండు దేశాల న్యాయమూర్తులతో 2007లో వేసిన ఖైదీల సంఘం జైళ్ళకు వెళ్ళి చూసి రావడం 2013 తరవాత జరగలేదు. ఆ సంఘాన్ని మళ్ళీ నడిపించమని అడగడానికి ఎవరి మీదా కోపం అక్కర్లేదు, మన ప్రభుత్వాన్ని మనం గుర్తుచేస్తే చాలు.

అరవడంలో కూడా రెండు రకాలు ఉన్నాయని ఇక్కడ నాకు అర్థమైంది. జాలరుల ఇళ్ళలోని ఆడవాళ్ళు నాయకులను కలిసి మొరపెట్టుకున్నారు, పదేపదే అడిగారు. వాళ్ళు అరిచింది అవతలి దేశం మీద కాదు, తమను మరిచిపోవద్దని తమ ప్రభుత్వం మీద. అది దౌత్యానికి అడ్డు రాదు, పైగా తోడవుతుంది. టీవీలో అవతలివాణ్ణి తిట్టే అరుపు వేరు. దాని తరవాత అక్కడి అధికారికి మనవాణ్ణి విడవాలని మనసులో ఉన్నా, విడిస్తే జంకి విడిచాడన్న పేరు వస్తుంది. మా బావ ఈ రెండిటినీ ఒకటిగా అనుకున్నాడు. నేను మొదటిదాన్ని కూడా రెండోదాని కింద జమకట్టి కొట్టిపారేశాను. ఇద్దరమూ పొరబడ్డాం.

మొన్న ఆదివారం అతనికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఏటా రెండు తేదీలు ఉన్నాయని, ఆ రోజున జాబితా మారుతుందని అన్నాను. ఓపిగ్గా విన్నాడు. "జాబితా మారిందని పేపర్లో లెక్క వేస్తారు బావా, ఇంతమంది అని. అందులో మనవాడి పేరు ఉందో లేదో ఇంట్లోవాళ్ళకి ఎవరు చెబుతారు?" అని అడిగాడు. నేను జవాబు వెతుక్కుంటూ ఉండగా తనే చెప్పాడు. ఆ జాలరులు జైలులో ఉండగా వచ్చిన జనవరి ఒకటిన, వాళ్ళ ఊళ్ళో ఒకామె చంటిపిల్లను ఎత్తుకుని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పంచాయతీ ఆఫీసు దాకా నడిచి వెళ్ళివచ్చిందట. రెండుసార్లూ తాళం వేసి ఉందట.